మోకాళ్ళ పలక

మా గుడి గుమ్మం పక్కన గోడకు ఒక శిలాఫలకం ఉంది. "ఇరు సంఘాల విశ్వాసులు దైవకృప చేత ఏకమనస్కులై, ఆనందోత్సాహాలతో ఒకే విచారణగా ఏర్పడిరి" అని దాని మీద బంగారు రంగు అక్షరాలు చెక్కించారు. ఆ వాక్యం రాసిన మహానుభావుడు ఎవరో నాకు తెలియదు. ఆ ఏడు తపస్కాలంలో, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస దినాల్లో, ఆయన మా ఇంటి ఛాయలకు రాలేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

విచారణ అంటే ఒక ఫాదర్‌గారి కింద ఉండే గుడి, ఆ గుడికి చెందిన కుటుంబాలు. మా వీధి ఏటవాలుగా ఉంటుంది. పై కొసన ఒక విచారణ, కింది కొసన ఇంకో విచారణ. రెండు గుళ్ళకూ ఇద్దరు పునీతుల పేర్లున్నా, ఆ పేర్లు పెళ్ళి శుభలేఖల మీద తప్ప ఎవరూ వాడేవారు కాదు. పై గుడి, కింది గుడి, అంతే. పై గుళ్ళో బల్లల ముందు మోకరించడానికి మెత్తలు కుట్టిన చెక్క పలకలుండేవి. కింది గుళ్ళో అవేమీ లేవు, మోకాళ్ళు నేలకే ఆనించేవారు. అందుకని పైవాళ్ళు కిందివాళ్ళను 'నేలబారు జనం' అనేవారు. కిందివాళ్ళు పైవాళ్ళను 'మెత్తమోకాళ్ళు' అనేవారు. నేను పుట్టింది మెత్తమోకాళ్ళలో, మెట్టింది నేలబారు జనంలో. కాబట్టి రెండువైపులా తిట్లు నా చెవి మీదుగానే పోయేవి.

రెండు గుళ్ళకు ఇద్దరు ఫాదర్లను ఇవ్వడం ఇక కుదరదని బిషప్‌గారు కబురు పంపారు. పై గుడి ఉంటుంది, కింది గుడి మూసేస్తారు. కింది గుడి పైకప్పు కారుతుంది, ఆ సంగతి కిందివాళ్ళకూ తెలుసు. తెలిసిన సంగతిని ఇంకొకరు చెబితే ఒళ్ళు మండుతుంది కదా, మా అత్తకు అలాగే మండింది.

"కారితే కారనీ. వాన దేవుడిదే, గుడి దేవుడిదే. మధ్యలో వీళ్ళకేం నొప్పి?" అంది.

మా ఆయన వడ్రంగి. కింది గుడి బల్లలన్నీ పైకి చేర్చి, వాటికి కూడా మడతబందులతో మోకాళ్ళ పలకలు బిగించే పని ఆయనకే వచ్చింది. పలక వాడనప్పుడు ముందు బల్ల వీపుకు ఆనుకుని నిలబడి ఉంటుంది. మోకరించే వేళ బల్ల కొసన కూర్చున్నవాళ్ళు దాన్ని కిందికి దించుతారు. ఆ పలకలకు మెత్తలు కుట్టే పని నాది. మా ముందు గదిలో ఒక కుట్టు మిషను, దాని వెనక నేను, మిషను మీద గుట్టలుగా గుడ్డలు. వాకిట్లో మా ఆయన చిత్రికపట్టే చప్పుడు. ఆ రెండు చప్పుళ్ళ మధ్య కుర్చీ వేసుకుని మా అత్త.

"మోకాళ్ళకు పరుపులేసుకుని చేసే ప్రార్థన దేవుడి దాకా పోతుందంటావా?" అనేది.

"మీరు వేసుకోకండి అత్తయ్యా. పలక పైకి నెట్టేసి నేల మీదే మోకరించండి."

"అంటే మెత్త మీద మోకరించే మీ నాన్న పక్కన నేను నేల మీదనా? ఆయన ముందు మోకాళ్ళూనినట్టు ఉండదూ?"

దీనికి జవాబు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు చెప్పండి. ఇక గుడ్డ రంగు గురించి చెప్పకుండా ఉంటేనే మంచిది. పై గుడి ఆడవాళ్ళు ఎరుపు కావాలన్నారు, కింది గుడి ఆడవాళ్ళు నీలం కావాలన్నారు. విసుగెత్తి సగం ఎరుపు, సగం నీలం కుట్టాను. ఇరుపక్షాలూ వచ్చి, అవతలివాళ్ళ పక్షం వహించానని నిష్ఠూరమాడి వెళ్ళాయి.

మా నాన్న సంగతి కూడా చెప్పాలి. మందుల కొట్టులో పనిచేసి రిటైరైన మనిషి. ఏ మాటైనా చుక్కలు కొలిచినట్టు మాట్లాడతాడు. అమ్మ పోయాక పై గుడి పక్కింట్లో ఒక్కడే ఉంటూ, గుడి పనులే తన పనులుగా చూసుకునేవాడు. పూజలో కిసుక్కుమన్న పిల్లల వైపు ఒక్క చూపు చూశాడంటే వాళ్ళు మళ్ళీ నవ్వేవారు కాదు. కింది గుడివాళ్ళు ఆయనకు 'బెత్తం' అని పేరు పెట్టారు. మా పెళ్ళి ఏ గుళ్ళో జరగాలన్న దగ్గర బెత్తానికీ మా అత్తకూ పేచీ మొదలైంది. పెళ్ళి పై గుళ్ళో జరిగింది. పేచీ మాత్రం మా ఇంట్లోనే కాపురం పెట్టింది.

తపస్కాలపు మొదటి ఆదివారం రెండు సంఘాలకూ కలిపి తొలి దివ్యపూజ. కొత్త ఫాదర్ కుర్రవాడు, ఉత్సాహం జాస్తి. పైవాళ్ళు ఒకవైపు, కిందివాళ్ళు ఒకవైపు కూర్చుని ఉండటం చూసి, పీఠం దగ్గర నుంచి దిగివచ్చాడు.

"ఇదేమన్నా రైలా, ఎవరి పెట్టె వాళ్ళది అనుకోవడానికి? ప్రతి బల్ల మీదా ఇరువైపులవాళ్ళూ కలిసి కూర్చోవాలి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఆయన కళ్ళు మా అత్త మీద పడ్డాయి. "అమ్మా, మీరూ ఈ పెద్దాయనా వియ్యంకులే కదా? మీ నుంచే మొదలుపెడదాం. రండి."

అందరూ చూస్తుంటే కాదనలేక మా అత్త లేచింది. మా నాన్న నడవ పక్కన, బల్ల కొసన కూర్చుని ఉన్నాడు. ఆయనకు అవతల ఖాళీ ఉంది. ఫాదర్ ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు. నేను పాటలవాళ్ళతో పక్కన నిలబడి చూస్తున్నాను. అబద్ధమెందుకు, నాకు ముచ్చటేసింది కూడా. నాన్న మొహం ఎర్రబడింది గాని, ఆయన మొహం ఎర్రబడటం నాకేమీ కొత్త కాదు.

మోకరించే వేళయింది. మా అత్త ఆ పలకలను చూసిందే గాని ఎప్పుడూ వాడలేదు. కింది గుళ్ళో లాగే ముందుకు జరిగి, నేల మీదికి దిగడానికి పాదం ముందు బల్ల కిందికి చాపింది. అదే క్షణంలో నాన్న పలక వదిలాడు. మా ఆయన బందులకు కొత్తగా నూనె పెట్టాడేమో, దబ్బున పడింది.

గుడి అంతా నిశ్శబ్దంగా ఉండే సమయం అది. ఫాదర్ క్రీస్తు శరీరంగా పంచే అప్పాన్ని పైకెత్తబోతున్నాడు. ఆ నిశ్శబ్దంలో మా అత్త గొంతు వినిపించింది.

"నీ చేతులు పడిపోనూ!"

ఆ శాపం పై గుడి గోడలకు తగిలి రెండుసార్లు తిరిగొచ్చింది. రెండు సంఘాలూ ఒకేసారి తలలు తిప్పి ఒకేవైపు చూశాయి. ఏకమనస్కులై చేసిన పని ఆ రోజు మొత్తానికి అదొక్కటే.

పాదం ఎముక విరిగింది. పిండికట్టు వేసి, ఈస్టరు దాకా ఆ కాలు నేల మీద మోపవద్దన్నాడు డాక్టరు. అక్కణ్ణుంచి మా ఇంట్లో నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. నొప్పి పుట్టినప్పుడల్లా అత్త మా నాన్నను తలుచుకునేది. ఆయన ఎదురుగా ఉండడు కాబట్టి ఆ తలపులు నాకు అందేవి. కాఫీ చల్లగా ఉన్నా పై గుడి తప్పే, తలగడ గట్టిగా ఉన్నా పై గుడి తప్పే. ఓసారి మిషను సూది విరిగితే, "మెత్తమోకాళ్ళవాళ్ళ గుడ్డ కదా, సూదికి కూడా సహించలేదు" అంది.

ఇదంతా భరించవచ్చు. అసలు దిగులు వేరే ఉంది. మా అత్త చిన్నప్పుడు తొలి సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే ఆ అప్పం, తీసుకున్న నాటి నుంచి ఏ ఆదివారమూ మానలేదు. జ్వరాలతో వెళ్ళింది, నిండు చూలాలుగా వెళ్ళింది, మామయ్యను పూడ్చిన మర్నాడు కూడా వెళ్ళింది. ఆ మనిషి ఇప్పుడు కుర్చీలో కూలబడింది. గుడికి రాలేని రోగులకు సత్ప్రసాదం ఇంటికే తెచ్చి ఇస్తారు. ఫాదర్‌కు ఆదివారం నాడు వేరే ఊళ్ళ పూజలు కూడా ఉంటాయి కాబట్టి, మా వీధికి దాన్ని తెచ్చే పని ఒక పెద్దమనిషికి అప్పగించారు. ఆ పెద్దమనిషి మా నాన్న.

ఆ వచ్చే ఆదివారం పూజ అయ్యాక నాన్న మా గుమ్మంలోకి వచ్చాడు. మెళ్ళో చిన్న గుడ్డసంచి, అందులో సత్ప్రసాదం ఉంచే వెండి డబ్బీ. చేయి దాని మీద ఆనించి నిలబడ్డాడు.

"ఈ ఇంటికి శాంతి కలుగును గాక" అన్నాడు. అది ప్రార్థనలో మొదటి మాట.

"కాలు విరగ్గొట్టి శాంతి పంచడానికి వచ్చారా అన్నయ్యగారూ?" అంది అత్త.

నాన్న పలకలేదు. అత్త కాసేపు చూసింది. ఎలా ఉందని అడుగుతాడేమో, పొరపాటైందని అంటాడేమో అని ఎదురుచూసింది. నాన్న బెల్లం కొట్టిన రాయిలా నిలబడే ఉన్నాడు. అత్త మొహం గోడవైపు తిప్పేసుకుంది. నాన్న తల వంచి నమస్కరించి, వెనుదిరిగి, వచ్చినంత నెమ్మదిగా ఏటవాలు ఎక్కి వెళ్ళిపోయాడు.

"చూశావుగా, మీ నాన్న పొగరు! ఎలా ఉన్నావని ఒక్క మాట! పిల్లి కాలు తొక్కినా అయ్యో అంటారు మనుషులు."

"అది పొగరు కాదత్తయ్యా. పై గుడి పద్ధతి. సత్ప్రసాదం మోసేవాళ్ళు పీఠం దగ్గర బయల్దేరింది మొదలు చివరి ఇంట్లో ఇచ్చేదాకా ప్రార్థన తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. దారిలో ఎవరు పలకరించినా బదులివ్వరు."

"మా పాత ఫాదర్ ఇదే సత్ప్రసాదం పట్టుకుని వీధి వీధంతా పలకరించుకుంటూ వచ్చేవాడు. పిల్లల చదువులు అడిగేవాడు, మంచినీళ్ళు తాగేవాడు. దేవుడేమన్నా దిగి పారిపోయాడా? దేవుణ్ణి పట్టుకుంటే నోరు పడిపోతుందా ఎక్కడైనా? ఇది మీ నాన్న అప్పటికప్పుడు పుట్టించిన పద్ధతి."

నిజంగానే కింది గుళ్ళో అలాంటి నియమం లేదు. అక్కడ మాట్లాడకపోవడం అంటే కోపం ఉన్నట్టే లెక్క. ఎంత చెప్పినా అత్త నమ్మలేదు. ఆ ఆదివారం గడిచింది, ఆ తర్వాతిదీ గడిచింది. నాన్న వచ్చేవాడు, శాంతి కలుగును గాక అనేవాడు, అత్త గోడవైపు తిరిగేది, నాన్న వెళ్ళిపోయేవాడు. మా ఇల్లే ఆయనకు ఆఖరిది. అయినా డబ్బీలో సత్ప్రసాదం మిగిలిపోతుంది కాబట్టి, దాన్ని గుడికి చేర్చేదాకా ఆయన నోరు మూసుకునే ఉండాలి. అంటే అత్త తీసుకోనంత కాలం ఆయన మాట్లాడడు. ఆయన మాట్లాడనంత కాలం అత్త తీసుకోదు. ఈ ముడి వేసిందెవరో గాని, నా కుట్టుపని మొత్తంలో అంత గట్టి ముడి నేనెప్పుడూ వేయలేదు.

పూజ టైముకు అత్త కుర్చీని కిటికీ దగ్గరకు జరిపించుకునేది. పై గుడి గంట వినపడగానే పెదవులు కదిపేది. ఓ ఆదివారం సత్ప్రసాద వేళకు ఆమె నోరు కొంచెం తెరుచుకోవడం చూశాను. తనకు తెలియకుండానే. నేను చూశానని గ్రహించి, "ఆవలింత" అంది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ఆ బందులకు అంత నూనె ఎందుకు పెట్టారండీ మీరు?"

"పెట్టకపోతే కిర్రుమంటున్నాయన్నారు."

"ఎవరన్నారు?"

"మీ నాన్నే" అని, చెవి మీద పెన్సిలు తీసి మళ్ళీ గీతలు గీసుకున్నాడు. ఆ తపస్కాలంలో మా ఇంట్లో ఉపవాసం ఉన్న నోరు అదొక్కటే.

ఫాదర్ దగ్గరికి వెళ్ళాను. మీరొక్కసారి తెచ్చి ఇవ్వండి, ఆమె తీసుకుంటుంది అని బతిమాలాను.

"నేను ఇస్తే ఇంక వాళ్ళిద్దరూ ఎప్పటికీ కలవరమ్మా" అన్నాడు, ఎంతో ఆలోచించినవాడిలా. "ఆయన చేతి నుంచే తీసుకోనివ్వండి. ఎవరు తెచ్చినా ప్రభువు ఒక్కడే కదా."

ఆ మాటే ఇంటికొచ్చి చెప్పాను. "ప్రభువు ఒక్కడే. చేతులు వేరు" అంది అత్త. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ నిజాలతో నాకేం పని?

చివరికి ఓ సాయంత్రం మిషను ఆపేసి ఏటవాలు ఎక్కాను. నాన్న వరండాలో కూర్చుని కూరగాయలు తరుగుతున్నాడు. ఒక్కడికి సరిపడా.

"నాన్నా, ఆదివారం కాకుండా మామూలు రోజు రా. ఉత్త చేతులతో రా. పొరపాటైంది అను. నోరు అరిగిపోదు కదా."

"పొరపాటు నాదైతే అంటాను. పలక దించే వేళ కాళ్ళు వెనక్కి తీసుకోవాలని మన గుళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు."

"ఆమె ఆ గుళ్ళో పెరగలేదు నాన్నా!"

"పూజ మధ్యలో శాపం పెట్టింది. అప్పం ఎత్తే వేళ. అది నువ్వు మర్చిపోయావా?"

"కాలు విరిగితే కీర్తన పాడుతుందా ఎవరైనా?"

నాన్న కత్తి పక్కన పెట్టాడు. ఏదో చెప్పబోయాడు. నా మొహం వైపు కాకుండా వరండా అవతలికి చూశాడు. "నీకు తెలియదు లేమ్మా" అని మళ్ళీ తరగడం మొదలుపెట్టాడు. తెలియనిదేమిటో ఆ క్షణంలో అడగాల్సింది. నా కోపం నన్ను అడగనివ్వలేదు. "మీరూ మీ గుళ్ళూ" అని గేటు దబ్బున వేసి వచ్చేశాను. దారంతా నాలో నేనే వాదించుకున్నాను. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

ఈస్టరు ముందు ఆదివారం వచ్చింది. ఈస్టరుకైనా సత్ప్రసాదం తీసుకోనివాళ్ళను మా పెద్దలు విశ్వాసుల్లో లెక్కవేయరు. ఆ సంగతి అత్తకు నాకన్నా బాగా తెలుసు. వారమంతా సరిగ్గా తినలేదు. "ఇలాగే పోతానేమో" అని ఒకసారి, "పోతే మాత్రం ఆయన్ను నా పెట్టె మోయనివ్వకండి" అని ఇంకోసారి అంది.

నాన్న వచ్చాడు. శాంతి కలుగును గాక అన్నాడు. అత్త గోడవైపు తిరిగింది. నాన్న నమస్కరించి వెనుదిరిగాడు. నాకు ఏమైందో తెలియదు, మిషను వెనక నుంచి లేచి వెళ్ళి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

"ఇవాళ ఇటో అటో తేలేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు. నా చేత మెత్తలు కుట్టించుకున్నారు, గుమ్మాలు ఎక్కించారు, దించారు. చాలు."

నాన్న నా వైపు గుడ్లురిమి చూశాడు. డబ్బీ మీద చేయి బిగించాడు. నోరు మాత్రం విప్పలేదు. అత్త మెల్లగా తల తిప్పింది. ఆయన్ను ఎగాదిగా చూసింది. ఆమె కళ్ళలో ఏదో మెరిసింది. వాదనల్లో ఆరితేరిన మనిషి కదా, పరీక్ష పెట్టదలుచుకుంది.

"అన్నయ్యగారూ, మీ గుడి పాటలవాళ్ళు పాడుతుంటే తడికె లాగుతున్నట్టుంటుందట, నిజమేనా?"

నాన్న మెడ నరాలు పొంగాయి. పలకలేదు.

"మీ మోకాళ్ళలో గుజ్జు పుట్టుకతోనే లేదని, అందుకే ఆ పరుపులని మా వైపు అనుకుంటారు."

పలకలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"పెళ్ళిలో మా వాడి కోటు మీ వైపు ఇచ్చిందే కదా. ఆ కుట్టు చూసి నేను ఆ రోజే అనుకున్నా, గోనెసంచి నయమని."

ఆ కోటు కుట్టింది మా అమ్మ తమ్ముడు. ఆ కోటు గురించి ఒక్క మాట అన్నందుకు మా నాన్న పక్కింటివాళ్ళతో ఏడాది మాటలు మానేశాడు. ఇప్పుడు ఆయన గడ్డం వణికింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పెదవి కదపలేదు.

అత్త నా వైపు తిరిగింది. గొంతు మారిపోయింది.

"అయితే నిజమేనటే ఆ పద్ధతి."

"నేను మొత్తుకుంటున్నది అదేగా అత్తయ్యా!"

"నువ్వు చెబితే ఏం నమ్మేది, నువ్వు ఆయన కూతురివి. ఇన్ని మాటలు పడి ఊరుకునే మనిషి కాదు ఈయన. ఊరుకున్నాడంటే దేవుడు అడ్డున్నట్టే." డబ్బీ వైపు చూసింది. "ఇంకెన్ని ఇళ్ళు తిరగాలి?"

"మనదే చివరిది."

"అయితే ఇమ్మను. దేవుడితో నాకేం గొడవ లేదు. సత్ప్రసాదం ఇచ్చేస్తే ఈయన నోరు తెరుచుకుంటుంది. ఈయనతో నాకు పనుంది."

కుర్చీలోనే చీర సర్దుకుంది, కొంగు తలమీదికి లాక్కుంది. నాన్న డబ్బీ తెరిచి ప్రార్థనలు చెప్పాడు. "క్రీస్తు శరీరం" అన్నాడు. "ఆమెన్" అంది. తీసుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు జారుతూనే ఉన్నాయి. వాకిట్లో మా ఆయన చిత్రిక కూడా ఆగింది. తలుపు సందులోంచి ఆయన వింటున్నట్టుంది.

నాన్న డబ్బీ తుడిచి, గుడ్డ మడిచి, సంచిలో పెట్టాడు. ఇక మాట్లాడవచ్చు. అత్త కళ్ళు తెరిచి, ముక్కు తుడుచుకుని, పోట్లాటకు నిటారుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి."

"అక్కయ్యగారూ" అన్నాడు నాన్న. అంత ఎదురుచూసిన గొంతు తుప్పు పట్టినట్టు వచ్చింది. "మీరు కూర్చున్నది మా ఆవిడ చోటు."

అత్తకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నాన్న పక్కన, కిటికీ వైపు. చిన్నప్పుడు అమ్మ జడ పట్టుకుని నేను నిలబడిన చోటు అది.

"ఆవిడ పోయాక అక్కడ ఎవరూ కూర్చోలేదు. నేను అడగలేదు, మా వాళ్ళే వదిలేశారు. ఆ రోజు ఫాదర్ మిమ్మల్ని తెచ్చి కూర్చోబెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. పలకను చేత్తో పట్టుకుని మెల్లగా దించాలి. దించలేదు, వదిలేశాను. కింద కాలుందో లేదో చూడలేదు. కూర్చోండి అని చెప్పలేక, లేవండి అని చెప్పలేక, ఆ కోపం..." ఆపేశాడు. "తప్పు నాదే."

అమ్మ పోయిన తర్వాత ఆమె గురించి నాన్న నాతో ఇన్ని మాటలు ఎన్నడూ అనలేదు. అవి మొదటిసారి మా అత్తతో అన్నాడు. నాకు అదీ కోపమే.

"ఆ మాట ఆ రోజే అంటే అవతలికి జరిగి కూర్చునేదాన్ని కదా అన్నయ్యగారూ" అంది అత్త. తిట్టడానికి కూడబెట్టుకున్నదంతా ఎక్కడికి పోయిందో, వట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా అంది: "మీ చోటు మీ కళ్ళ ముందుంది. ఖాళీగానైనా ఉంది. నేనూ మా ఆయనా కూర్చున్న చోటికి తాళం వేశారు. నన్నెవరూ అడగలేదు."

నాన్న ఆమె వైపు చూశాడు. "ఎక్కడ కూర్చునేవారు?" అని అడిగాడు.

"చూస్తారా?"

తాళంచెవి మా ఆయన దగ్గరే ఉంది. చివరి బల్లలు ముందురోజే పైకి చేరాయి. అత్తను కుర్చీతో సహా లేపారు. ముందు వైపు మా ఆయన, వెనక వైపు మా నాన్న. దిగుడు వీధి కాబట్టి బరువంతా మా ఆయన మీదే పడుతోందని అత్త దారి పొడుగునా ఇద్దర్నీ గదమాయిస్తూనే ఉంది. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చి చూశారు. నాన్న రొప్పుతున్నాడు. ఈసారి మాత్రం పలకరించిన ప్రతివాళ్ళకూ బదులిచ్చాడు.

మా నాన్న కింది గుళ్ళో అడుగు పెట్టడం అదే మొదటిసారి. లోపల ఒక్క బల్ల లేదు. పీఠం మీద గుడ్డ తీసేశారు. కిటికీలోంచి ఎండ పడి నేల బోసిగా మెరుస్తోంది. అత్త కుర్చీని మధ్యలో దించారు. ఆమె అటు చూసింది, ఇటు చూసింది.

"అదిగో ఆ..." అని ఆగింది. బల్లలు లేకపోతే చోటు ఎక్కడో తెలియడం లేదు. నేల నిండా బల్లకాళ్ళ గుర్తులే, ఏ గుర్తు ఎవరిదో ఎలా చెప్పడం? ఇన్నేళ్ళు కూర్చున్న మనిషి చేయి గాల్లోకి చాపి వెతుకుతుంటే చూడలేక నేను గుమ్మం వైపు తిరిగాను.

నాన్న నడిచి వెళ్ళి నేల మధ్యలో నిలబడ్డాడు.

"ఇక్కడా?" అన్నాడు.

"కాదు. ఇంకొంచెం ముందుకి."

"ఇక్కడా?"

"మరీ అంత కాదు. వెనక్కి. కిటికీ ఎండ మా ఆయన భుజం మీద పడేది, మొహం మీద పడేది కాదు. ఎడమకు జరగండి. ఇంకా."

నాన్న ఒక్కో అడుగే జరుగుతున్నాడు. ఎండ ఆయన మొహం మీద నుంచి మెడ మీదికి, మెడ మీద నుంచి భుజం మీదికి దిగింది.

"ఆఁ. అక్కడే" అంది అత్త. "ఇక కదలకండి."

నాన్న కదల్లేదు. అత్త మా ఆయన్ను పిలిచి, తన కుర్చీ ఎత్తి ఆ పక్కన పెట్టమంది.